రెండో అతుకు విషయమై

జూన్ 3

తమ్ముడికి,

విషయం: నా తల. సూచిక: రెండేళ్ల కిందట ఇదే విషయమై నీకు రాసిన ఉత్తరం. జతపరచినది: ఆసుపత్రి వారి పత్రం, మూడు పుటలు.

నేను క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తున్నాను. తలవకపోతే ఉత్తరం మొదలుపెట్టడం కుదరదు.

రెండేళ్ల కిందట నా మెదడులో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి, చిల్లు పడి కారింది. తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పైకి పంపించి, ఆ బుడగ నిండా ప్లాటినం తీగ చుట్టలు కుక్కారు. కుక్కిన డాక్టరు "ఇక నిశ్చింతగా ఉండండి" అన్నాడు. పోయిన నెల పరీక్షలో అదే డాక్టరు అదే తలను తెరమీద చూపించి, చుట్టలు అడుక్కి నొక్కుకుపోయాయనీ, బుడగ మెడ దగ్గర మళ్లీ రక్తం చేరుతోందనీ, మళ్లీ లోపలికి వెళ్లాలనీ సెలవిచ్చాడు. చెబుతున్నప్పుడు అతని ముఖంలో సిగ్గన్నది మచ్చుకైనా లేదు. నా ఉద్యోగ కాలంలో అతుకు ఊడిన వెల్డరు కనీసం తల గోక్కునేవాడు.

ముప్పై ఒక్క ఏళ్లు నేను బాయిలర్లు తనిఖీ చేశాను. ఆవిరి ఒత్తిడికి ఉబ్బిన గొట్టానికి ఒకసారి అతుకు వేస్తామంటే ఒప్పుకున్నాను. అదే చోట రెండో అతుకు వేస్తామన్న ఏ కార్ఖానా వారికీ ఒప్పుకోలేదు. "పనికిరాదు" అని ముద్ర కొట్టి, సంతకం పెట్టి, వాళ్లిచ్చే కాఫీ తాగకుండా వచ్చేశాను. అందువల్ల నా వెనక నన్ను పనికిరాదమ్మ అనేవారు. ఆ బిరుదు మొదట ప్రసాదించింది నువ్వేనని నాకు తెలుసు. బాయిలర్లకు వర్తించిన నియమం నా తలకు వర్తించకపోవడానికి తగిన కారణం కనబడలేదు. కనుక రెండో అతుకు వద్దని నిర్ణయించాను.

వద్దనడానికి కూడా ఆసుపత్రిలో ఒక పత్రం ఉన్నది. రోగి వద్దన్న సంగతి దగ్గరి బంధువుకు తెలుసునని ఆ బంధువు సంతకం చేయాలట. నాకున్న దగ్గరి బంధువు నువ్వే. ఇందులో నా తప్పేమీ లేదు. మూడు చోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టాను. గుర్తున్న చోటే సంతకం చెయ్యి. నీకు సంతకాన్ని కూడా అంచు వెంబడి కుట్టుకుంటూ పోయే అలవాటుంది.

ఫోను చెయ్యవద్దు. నోటిమాటకు దాఖలా ఉండదు.

ఇట్లు,
నీ అక్క,
బాయిలర్ల తనిఖీ అధికారి (విశ్రాంత)


జూన్ 9

అక్కా,

ఉత్తరం అందింది. పత్రం అందింది. పెన్సిలు గుర్తులూ కనబడ్డాయి. ఒక్కోటీ ఇటుకంత ఉంటే కనబడక ఏం చేస్తాయి?

సంతకం పెట్టలేదు. పెన్ను దొరకలేదనుకో.

మొదటిసారి నీ తలలో చిల్లు పడితే నాకు రాసింది నలభై రోజుల తర్వాత. "విషయం: తల. ముగిసినది" అని. నేను రావడానికి అక్కడేం మిగల్చలేదు. ఈసారి ముందుగానే రాశావు, అభివృద్ధే. కాకపోతే రాసింది పోతానని చెప్పడానికి.

అతుకుల సంగతి నాకు చెప్పకు. లాండ్రీలో నా బల్ల మీదకి వచ్చేవన్నీ చిరిగినవీ, కాలినవీ, ఎలకలు కొరికినవీ. పోగు పక్కన పోగు అల్లి రఫూ చేస్తాను. చేసిన చోటే మళ్లీ చిరిగి వస్తాయి. మళ్లీ చేస్తాను. కోటు తెచ్చినవాడి చేతిలో "పనికిరాదు" అని ముద్ర కొట్టి పెడితే, ఆ కోటుతోనే నన్ను కొడతాడు. నీకు ముద్ర ఇచ్చారు, నాకు సూది ఇచ్చారు. అంతే తేడా.

పంతొమ్మిదేళ్ల కిందట మా లాండ్రీ బాయిలర్ మీద ముద్ర కొట్టిన రోజు నీకు గుర్తుందో లేదో. ఇస్త్రీ బల్ల దగ్గర నేను నిలబడే ఉన్నాను. గొట్టాలు చూశావు, ఒత్తిడి చూపే ముల్లు చూశావు, పుస్తకం చూశావు. నావైపు చూడనైనా చూడలేదు. ఎనిమిది నెలలు లాండ్రీ మూతపడింది. "మీ అక్కేగా, ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని యజమాని అడిగితే, మా అక్కకి చెప్పడమంటే దున్నపోతు మీద వాన కురవడమేనండీ అన్నాను. అప్పట్నుంచే కదా మనకి మాటలు పోయి ఉత్తరాలు మిగిలాయి.

ఈ పాత సంగతి ఎందుకు తవ్వుతున్నానంటే, నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటుంది. ఆ బాయిలర్ ఇంకా నడుస్తోంది. నువ్వు వేరే చోటికి బదిలీ అయ్యాక, నువ్వు పనికిరాదన్న గొట్టానికే యజమాని రెండో అతుకు వేయించాడు. ఇంకో అధికారి వచ్చి సరేనన్నాడు. ఈ రోజుకీ పొద్దున ఆరింటికి ఆవిరి పడుతోంది. ఈ ఉత్తరం దాని పక్కన కూర్చునే రాస్తున్నాను. వెచ్చగా ఉంది.

నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లని కూర్చోకు. నాలుగోది ఇక్కడ బుసలు కొడుతోంది.

నీ తమ్ముడు


జూన్ 14

తమ్ముడికి,

సంతకం లేని పత్రం తిరిగి అందినది. పెన్ను దొరకలేదన్న నీ వివరణ పెన్నుతో రాసి ఉన్నది. కొత్త పత్రం, దానితో పాటు ఒక పెన్ను పంపుతున్నాను.

బాయిలర్ గురించి నువ్వు రాసింది చదివాక రెండు గంటలసేపు నాకు తలనొప్పి రాలేదు. కోపం నొప్పిని మింగుతుందన్న సంగతి వైద్య శాస్త్రం ఇంకా కనిపెట్టినట్టు లేదు.

కోటును బాయిలర్‌తో పోల్చడం నీ ఒక్కడికే చెల్లింది. కోటు చిరిగితే మోచెయ్యి కనబడుతుంది. బాయిలర్ చిరిగితే మోచెయ్యి ఎక్కడ పడిందో వెతకాలి. ఈపాటి తేడా తెలియని మనిషిని దాని పక్కన కూర్చోబెట్టి ఉత్తరాలు రాయించుకుంటున్న యజమాని మీద నాకు జాలి కలుగుతోంది.

ఈ కింది వివరాలు వెంటనే పంపాలి. ఒత్తిడి ముల్లు ఎంత దగ్గర నిలుస్తోంది? రెండో అతుకు మొదటి దాని మీద వేశారా, పక్కన వేశారా? సరేనన్న ఆ మహానుభావుడి హోదా ఏమిటి, సుత్తితో తట్టి చూశాడా, లేక అద్దంలో తన ముఖం చూసుకుని వెళ్లాడా? బాయిలర్ ముందు భాగాన అరచేతంత ఇత్తడి పలక ఉంటుంది. దాని మీద ఉన్న నమోదు సంఖ్యలో చివరి మూడు అంకెలేమిటి?

జవాబు నిజాయితీగా ఉండాలి. నీకు అలవాటు లేదని తెలిసే అడుగుతున్నాను.

అక్క


జూన్ 20

అక్కా,

నీ పెన్నుతోనే రాస్తున్నాను. బాగుంది. ఉంచుకుంటాను.

పత్రం సంగతి ముందు చెప్పేస్తాను, తర్వాత తిట్టు. సంతకం పెడదామనే బల్ల మీద పెట్టాను. పక్కనే ఇస్త్రీపెట్టె. ఎవరో పిలిస్తే తిరిగాను. మూడో పుట మీద పెట్టె ఆకారం అచ్చుగుద్దినట్టు పడింది. నువ్వు గుర్తు పెట్టిన చోటే, సరిగ్గా. నీ గుర్తులంటే ఇస్త్రీపెట్టెకి కూడా భయమే.

ఇక బాయిలర్. ముల్లు ఏడు దగ్గర వణుకుతూ ఉంటుంది. మేం బట్టతో తుడిచి, ఏడే అనుకుంటాం. రెండో అతుకు సగం మొదటి దాని మీద, సగం పక్కన. పొద్దున్నే బాగా బుసకొడుతుంది, వేడెక్కాక సణుగుడు ఒక్కటే. మేం దాన్ని పెద్దమ్మ అంటాం. ఎవర్ని చూసి ఆ పేరు పెట్టామో అడక్కు. ఆ అధికారి లావుపాటి మనిషి, తొందరలో ఉన్నాడు. సుత్తితో రెండు దెబ్బలు కొట్టాడు, మూడో దెబ్బకి తనే ఉలిక్కిపడి సంతకం పెట్టాడు. పలక ఉంది కానీ మసి పట్టి అంకెలు కనబడ్డం లేదు. గోకబోతే యజమాని కేకలేశాడు.

రెండో రఫూ ఎలా చేస్తారో నీకు తెలియదు, నువ్వు అడగవు. మొదటిసారి ఏ దారమైనా రంగు కలిస్తే చాలు. రెండోసారి అది పట్టదు. అదే కోటు లోపలి అంచు విప్పి, అందులోంచి పోగులు లాగి, వాటితోనే అల్లాలి. కళ్లు పోతాయి. కానీ ఆ తర్వాత నిలుస్తుంది. మొదటిసారి ఊడిందంటే కోటు పనికిరాదని కాదు, చేసినవాడికి కోటు ఇంకా పూర్తిగా తెలియలేదని.

ఆ డాక్టర్ని ఇంకోసారి కలువు. తిట్టడానికైనా సరే.

తమ్ముడు


జూలై 1

తమ్ముడికి,

నీ సలహాలో చివరి నాలుగు మాటలు ఆచరణయోగ్యంగా ఉన్నందున డాక్టరును కలిశాను. అతని వయసు నా ఉద్యోగానుభవం కంటే నాలుగేళ్లు ఎక్కువ. మా ఇద్దరి మధ్య జరిగిన సంభాషణను దాఖలా కోసం ఉన్నది ఉన్నట్టుగా రాస్తున్నాను.

"ఈసారి తీగలు కుక్కం మేడమ్. నాళం లోపల సన్నటి అల్లిక గొట్టం పెడతాం. రక్తం అందులోంచి తిన్నగా పోతుంది, బుడగలోకి తిరగదు. బుడగ మెల్లగా ఎండిపోతుంది."

"అల్లికంటే కన్నాలుంటాయా?"

"ఉంటాయి. చాలా సన్నవి."

"అంటే జల్లెడ."

"ఒక రకంగా... అవును మేడమ్."

"జల్లెడతో నీళ్లు ఆపుతారన్నమాట."

"ఆపం. దారి మళ్లిస్తాం."

"ఎండటానికి ఎన్నాళ్లు?"

"ఆరు నెలలు. ఒక్కోసారి ఏడాది."

"చేస్తుండగా ప్రమాదం జరిగే అవకాశం ఎంత?" చెప్పాడు. రాసుకున్నాను. "చేయకపోతే పేలే అవకాశం ఎంత?" అదీ చెప్పాడు. రాసుకున్నాను. రెండో అంకె పెద్దది. "ఈ అంకెల కింద మీ సంతకం పెట్టండి" అన్నాను. పెట్టాడు. నీళ్లు నమలలేదు, పై అధికారిని అడిగి చెబుతాననలేదు. ముప్పై ఒక్క ఏళ్లలో అడగ్గానే సంతకం పెట్టిన మనిషిని చూడటం ఇదే మొదలు. అతని మీద నా అభిప్రాయం మారలేదు. అతని సంతకం మీద మారింది.

కనుక రెండో అతుకుకు అనుమతిస్తున్నాను. దీనికి నీ రఫూ ఉపన్యాసం కారణమని భ్రమపడవద్దు. ప్రజల మధ్య ఆ బాయిలర్ బుసలు కొడుతుండగా, దాన్ని ఆపగల ఏకైక వ్యక్తి తలలో బుడగతో పడుకోవడం ప్రజా భద్రతకు విరుద్ధం. లేచిన వెంటనే వచ్చి దానికి ముద్ర కొడతాను.

రక్తం పలచబడటానికి రెండు రకాల మాత్రలు ఇచ్చారు. తలుపు గడియ తగిలినా చర్మం నల్లబడుతోంది. నా చేతులు ప్రస్తుతం మీ లాండ్రీకి వచ్చే మరకల దుప్పట్లలా ఉన్నాయి.

ఒప్పుకోవడానికి కూడా బంధువు సంతకం కావాలట. జూలై 8, ఉదయం ఏడు గంటలకు హాజరు కావలెను. పెన్సిలు గుర్తులు పెట్టి ఉంచుతాను. ఇస్త్రీపెట్టె తేవద్దు.

అక్క


జూలై 4

అక్కా,

వస్తాను. ఏడింటికంటే ఆరింటికే వస్తాను.

బాయిలర్ గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు, ఇప్పుడు ఆ బుర్రతో పనుంది. పెద్దమ్మ ఎక్కడికీ పోదు.

తమ్ముడు


జూలై 10, మూడో అంతస్తు, నడవాలో బల్ల

అక్కా,

నువ్వు లోపల, నేను బయట. నోటిమాటకు దాఖలా ఉండదన్నావు కాబట్టి రాసి పెద్ద నర్సు చేతికిస్తున్నాను. చదవగలిగినప్పుడు చదువు.

మొన్న నిన్ను లోపలికి తీసుకెళ్లి గంటన్నర అన్నారు. మూడున్నర గంటలు పట్టింది. బట్టలు ఆలస్యమైతే నేను చెప్పే అబద్ధాలే డాక్టరూ చెప్పాడు, "అయిపోవచ్చిందండీ" అని. వినగానే పోల్చుకున్నాను, మా వృత్తి మాటే. చివరికి చెమటతో బయటికొచ్చి, అల్లిక గొట్టం సరిగ్గా కూర్చుందన్నాడు.

నిన్ను చూడ్డానికి వెళ్తే పెద్ద నర్సు ఆపేసింది.

"పేషెంటుకి మీరేమవుతారు?"

"తమ్ముణ్ణి."

ఆవిడ ఒక కాగితం చూసి, "వీరు రాసిచ్చిన దాంట్లో 'బంధువు, సంతకం నిమిత్తం మాత్రమే' అని ఉందండీ" అంది. అక్కా, నీకు దండం పెడతాను. తల తెరమీద పెట్టించుకోవడానికి వెళ్తూ కూడా ఇది రాసి వెళ్లావంటే, లోపల ఏ నాళం ఉబ్బినా నీ తిక్క నాళం మాత్రం గట్టిగా ఉందన్నమాట.

రోజంతా ఈ బల్ల మీద కూర్చున్నాను. సాయంత్రం చూస్తే ఆవిడ కోటు జేబు అంచు చిరిగి వేలాడుతోంది. సూది నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. రఫూ చేసిచ్చాను. ఎక్కడ చిరిగిందో వెతుక్కుని, దొరక్క, "పది నిమిషాలే" అని లోపలికి పంపింది. వెళ్లేటప్పుడు ఇంకో మాటంది. మీకివ్వమని మీ అక్కగారు ఒక కవరిచ్చారు, బరువుగా ఉంది, కానీ ఇప్పుడు ఇవ్వకూడదు అని. మరెప్పుడు అంటే మాట మార్చేసింది. నా మీద ఫిర్యాదే అయ్యుంటుంది. ఎన్ని పుటలు రాస్తే అంత బరువొచ్చింది?

నువ్వు వెల్లకిలా పడుకుని ఉన్నావు. కాలు కదపకూడదట. కళ్లు తెరిచి నన్ను చూసి "సుత్తి" అన్నావు. నర్సు నీళ్లు అడుగుతున్నారేమో అని నీళ్లు తెచ్చింది. "సుత్తి కాదు, సుత్తి" అన్నావు. మళ్లీ మళ్లీ అదే మాట. నీ కళ్లలో కోపం ఉంది, మాటే లేదు. కొన్నాళ్లు ఇలా ఉండొచ్చు, తిరిగొస్తాయి అని డాక్టరన్నాడు. ఎంతకాలమో సంతకం పెట్టివ్వమన్నాను. ఈసారి పెట్టలేదు.

నువ్వు తిడితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

తమ్ముడు


జూలై 29

తమ్ముడికి,

ఈ ఉత్తరం నాలుగు రోజులుగా రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయి. నీ అక్షరాల స్థాయికి దిగినందుకు చింతిస్తున్నాను.

ఇంటికి వచ్చాను. పగలంతా నిద్ర. పది మెట్లు ఎక్కితే పర్వతం ఎక్కినట్టు. నుదుటి వెనక సన్నటి నొప్పి, ఎవరో లోపల గోడకు సున్నం గీకుతున్నట్టు. కొన్ని మాటలు నా దగ్గర లేవు. తలుపుకు వేసేది. జుట్టు దువ్వేది. వాన వస్తే పట్టుకునేది. వస్తువు ఎదురుగా ఉంటుంది, పేరు రాదు. దాని ముందు నిలబడి, లంచం కోసం ఫైలు దాచిన గుమాస్తాను చూసినట్టు చూస్తాను. రెండు రోజులకు అదే సిగ్గుపడి వస్తుంది. నిన్న దువ్వెన వచ్చింది.

బాయిలర్ అన్న మాట మాత్రం ఒక్కరోజు కూడా పోలేదు.

డాక్టరు రాసిచ్చిన కాగితంలో "రోగి సహకరించారు" అని ఉన్నది. నేను నిద్రలో ఉన్నప్పుడు రాసి ఉంటాడు.

ఆగస్టు 25, ఉదయం ఆరు గంటలకు మీ లాండ్రీలో బాయిలర్ తనిఖీ. ఆవిరి పట్టి ఉంచాలి. మసి తుడవవద్దు. నేనే తుడుస్తాను.

అక్క


ఆగస్టు 6

అక్కా,

ఈ ఉత్తరానికి ముందు మూడు రాసి చించేశాను. ఒకదాంట్లో యజమానికి జ్వరం. ఇంకోదాంట్లో బాయిలర్ మరమ్మత్తు. మూడోదాంట్లో లాండ్రీకే సెలవులు.

బాయిలర్ లేదు.

నువ్వు ముద్ర కొట్టిన నెలలోపే తుక్కు కింద తూకానికి అమ్మేశారు. ఎనిమిది నెలల తర్వాత లాండ్రీ తెరిచింది కరెంటు ఇస్త్రీలతో. బుసా లేదు, ముల్లూ లేదు, పెద్దమ్మా లేదు. లావుపాటి అధికారి అసలే లేడు. ఆయన్ని తయారు చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. నువ్వు రెండో అతుక్కి ఒప్పుకోవన్నావు, రెండో అతుకు నిలిచిన బాయిలర్ ఒకటి కావాల్సి వచ్చింది. నాకు తెలిసింది ఆ ఒక్క బాయిలరే.

నీకు అబద్ధాలంటే ఎంత రోతో నాకు తెలుసు. ఆ రోజు నువ్వు "సుత్తి, సుత్తి" అంటుంటే, ఇది నా అబద్ధం చేసిన పనేనని నడవాలో కూర్చుని ఏడ్చాను. నీకు ఇంకేదైనా అయ్యుంటే నేనేమయ్యేవాణ్నో తెలియదు.

తిట్టు. తల మీద ఒత్తిడి పడకూడదన్నారు కాబట్టి నెమ్మదిగా తిట్టు.

తమ్ముడు


నవంబరు 12

అక్కా,

మూడు నెలలైంది. ఇది మూడో ఉత్తరం. ఆసుపత్రికి ఫోను చేస్తే పెద్ద నర్సు, "బాగానే ఉన్నారండీ, మొన్నొచ్చి మా లిఫ్టుని తప్పుపట్టి వెళ్లారు" అంది. బతికి ఉన్నావని ఆ మాటతో నమ్మాను.

ఇంక ముద్ర కొట్టెయ్యి. పనికిరాడు అనైనా సరే. ఒక్క ముక్క రాయి.

తమ్ముడు


జనవరి 17

తమ్ముడికి,

విషయం: నా తల, నీ అబద్ధం. సూచిక: నీ ఆగస్టు 6 నాటి ఉత్తరం, తదుపరి అందిన విలాపములు మూడు.

తుది నివేదిక రానిదే మధ్యంతర ఉత్తర్వులివ్వడం నా అలవాటు కాదు. నివేదిక నిన్న వచ్చింది.

ఆరు నెలల పరీక్ష ఈసారి మణికట్టు నుంచి చేశారు. రంగుమందు పైకి వెళ్తుంటే తల లోపల వేడి నీళ్లు పోసినట్టుంటుంది. తెరమీద రక్తం తిన్నగా వెళ్లిపోయింది. బుడగ ఉండవలసిన చోట ఏమీ లేదు. "పూర్తిగా ఎండిపోయింది మేడమ్" అన్నాడు డాక్టరు. ముఖంలో సంతోషం కనబడింది. దాచుకోవడం వాళ్లకు నేర్పరు కాబోలు. "పనికివస్తుందని రాసివ్వండి" అన్నాను. రాసిచ్చాడు. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, అయినా చెల్లుతుంది.

ఇక నీ అబద్ధం. నువ్వు ఎరగని నియమం ఒకటి ఉన్నది. బాయిలర్‌ను తుక్కు కింద అమ్మితే, దాని నమోదు పలకను కోసి, పనికిరాదన్న అధికారికి అప్పగించాలి. మీ యజమాని అప్పగించాడు, నేను ముద్ర కొట్టిన ఇరవై ఆరో రోజున. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో నేను అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకున్న ప్రభుత్వ వస్తువు అదొక్కటే. నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాను. బాయిలర్ ఇంకా నడుస్తోందన్న నీ జూన్ 9 నాటి ఉత్తరం చదివి, ఆ పలక కిందే పెట్టాను. చివరి మూడు అంకెలేవని నిన్ను అడిగినప్పుడు అవి నా కళ్లెదుట ఉన్నాయి. మసి పట్టిందని నువ్వు రాసిన ఉత్తరాన్నీ దాని కిందే పెట్టాను.

అంటే నీ అబద్ధాన్ని నేను ఒక్క నిమిషం కూడా నమ్మలేదు. అది నమ్మదగినది కాదు. ఏడు దగ్గర వణికే ముల్లును బట్టతో తుడిచేవాడు భూమ్మీద ఉండడు. కనుక నాకు ఏదైనా జరిగి ఉంటే, దానికి నువ్వే కారణమని ఏడ్చే హక్కు నీకు లేదు. ఆ సంగతి నీకు తెలియాలనే పలకను కవరులో పెట్టి, నేను లేవకపోతేనే నీకు ఇవ్వమని పెద్ద నర్సుకు అప్పగించాను. నవంబరులో వెనక్కి తీసుకున్నాను. లిఫ్టును తప్పుపట్టింది అప్పుడే. అది నిజంగానే తప్పు.

మరి ఎందుకు ఒప్పుకున్నావని అడుగుతావు. కార్ఖానాల వాళ్లు నాకు వేలకొద్దీ అబద్ధాలు చెప్పారు. అన్నీ వాళ్ల బాయిలర్లు నడవడానికి. నేను నడవాలని ఎవరూ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అందులోనూ బుస, సణుగుడు, లావుపాటి అధికారి, ఇంత చేతకాని పనిని ఇంత ఓపికగా చేసినవాణ్ణి సమాజంలో ఒంటరిగా వదిలివెయ్యడం క్షేమం కాదనిపించింది.

పలక జతపరచడమైనది. రఫూ చేసేటప్పుడు బట్ట జారకుండా బరువు పెట్టుకో. మసి లేదు.

ఆదివారం ఫోను చెయ్యి. ఎక్కువసేపు మాట్లాడవద్దు. దాఖలా అక్కర్లేదు.

అక్క

తా.క. మీ లాండ్రీలో ముద్ర కొట్టిన రోజు నీవైపు చూడలేదన్నావు. తప్పు. ఆ గొట్టం మందం ప్రకారం నియమావళి మీ యజమానికి ఆరు నెలల గడువు ఇవ్వనిస్తుంది. ఏ అధికారి అయినా ఇచ్చి ఉండేవాడు. నేను టేపు తీసి కొలిచాను. బాయిలర్‌కూ, నువ్వు నిలబడిన ఇస్త్రీ బల్లకూ మధ్య దూరం నాలుగడుగుల రెండంగుళాలు. గడువు ఇవ్వలేదు. నా ఉద్యోగంలో నియమం తప్పి కొట్టిన ముద్ర అదొక్కటే. తనిఖీ పుస్తకంలో కారణం రాయవలసిన గడిలో "ఇతరములు" అని రాశాను.